కర్ణుడికి ఎన్ని పాయింట్లు?

(బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్ ప్లేయింగ్ ఆటల మీద ఇష్టమున్న కొందరు మిత్రులు ఒక ఆదివారం సాయంత్రం హైదరాబాద్‌లో కలుసుకున్నారు. అక్కడ సూపర్‌హీరో ఆటల రూల్స్ పుస్తకాలను పోలుస్తూ చేసిన ప్రసంగానికి రికార్డింగ్ నుంచి రాసుకున్న పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకు వినబడుతోందా? సరే.

ఇక్కడున్న వాళ్లలో సగం మందికి ఈ ఆటలు కొత్త అని నిర్వాహకులు చెప్పారు. వాళ్ల కోసం రెండు నిమిషాలు. మిగిలిన సగం మంది ఈలోపు టీ తాగవచ్చు.

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని కలిసి కథ నడపడమే ఈ ఆట. ఒకరు గేమ్ మాస్టర్. ఊరు, వాన, విలన్లు, దారిన పోయే దానయ్యలు, అన్నీ ఆయన పూచీ. మిగిలిన వాళ్లకు తలా ఒక పాత్ర. "నేను ఆ మేడ మీద నుంచి ఈ మేడ మీదికి దూకుతాను" అని మీరు అంటారు. దూకారా, పడ్డారా అన్నది పాచికలు తేలుస్తాయి. ఏ పాచికలు వేయాలి, ఎన్ని వేయాలి, ఎంత పడితే దూకినట్టు అన్న లెక్కల పుస్తకాన్నే రూల్స్ సిస్టమ్ అంటున్నాం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ తరహా ఆటలకు ఆది. కామిక్సు చదివే కుర్రాళ్లు అక్కడ ఊరుకుంటారా? మూడేళ్లు తిరగకుండానే, 1977లో, సూపర్‌హీరో 2044 అనే పుస్తకం వచ్చింది.

అయితే ఖడ్గవీరుల ఆటకు పనికివచ్చిన లెక్క సూపర్‌హీరోకు సరిపోలేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మీరు ఏమీ రాని కుర్రాడిగా మొదలుపెట్టి, ఎలుకలతో తలపడి, మెల్లగా ఎదుగుతారు. సూపర్‌హీరో ఎదగడు. మొదటి పేజీలోనే బస్సు ఎత్తేస్తాడు. పైగా బస్సు ఎత్తేవాడూ, ఒక తాడూ నాలుగు తెలివితేటలూ తప్ప ఏమీ లేనివాడూ ఒకే జట్టులో ఉంటారు. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ఎవరికీ విసుగు రాకుండా ఆడించాలి. గత నలభై అయిదేళ్లకు పైగా ఈ పుస్తకాలు రాసిన వాళ్లందరూ కుస్తీ పట్టింది దీనితోనే.

వీటిని పోల్చేవాళ్లు మామూలుగా బలం దగ్గర మొదలుపెడతారు. ఏ పుస్తకంలో ఎవరు ఎంత బరువు ఎత్తుతారు, ఎవరి దెబ్బకు ఎన్ని పాచికలు అని. నేనూ చాలాకాలం అలాగే పోల్చాను. తర్వాత అర్థమైంది, తేడా బలం దగ్గర లేదు. బలహీనత దగ్గర ఉంది. హీరోకు ఉన్న లోపానికి ఈ పుస్తకం ఎప్పుడు, ఏ రూపంలో వెల కడుతోంది? అది చూస్తే ఆట స్వభావం మొత్తం తెలిసిపోతుంది.

దీన్ని పరీక్షించడానికి నాకో మంచి మనిషి దొరికాడు. సహజ కవచం, ఒక్కసారే పనికివచ్చే అస్త్రం, రెండు శాపాలు, అడిగితే కాదనలేని వ్రతం, తనకే తెలియని పుట్టుక. కర్ణుడు. అమెరికా కామిక్సు రచయితలు ఇంత పకడ్బందీగా ఒక పాత్రను కట్టగలరా అని నాకు అనుమానమే. కర్ణుడి చావుకు కారణాలు అనేకం అంటాం కదా. తమాషా ఏమిటంటే, ఆ కారణాల్లో ఒక్కో పుస్తకం ఒక్కోదాన్ని పట్టుకుంటుంది.

మొదట ఒక పాత పుస్తకాన్ని తలచుకుని ముందుకు పోతాను. 1979లో జెఫ్ డీ, జాక్ హెర్మన్ రాసిన విలన్స్ అండ్ విజిలాంటీస్. ఇందులో శక్తులను మీరు ఎంచుకోరు, పాచిక వేస్తే వస్తాయి. ఆ శక్తులు ఎవరికి వస్తాయంటే, మీకే. మీరు మీరుగానే ఆడాలి, అదీ ఇందులో ముచ్చట. మీ బలమెంత, తెలివి ఎంత అన్నది బల్ల దగ్గరున్న వాళ్లు కలిసి అంచనా వేస్తారు. మా ఇంట్లో ఒకసారి ప్రయత్నించాం. మా ఆవిడ నా తెలివికి వేసిన అంకె మాత్రం ఇక్కడ చెప్పను. (నవ్వులు)

ఇప్పుడు అసలు పుస్తకం, ఛాంపియన్స్. 1981. జార్జ్ మెక్‌డొనాల్డ్, స్టీవ్ పీటర్సన్. పాచిక వేసి శక్తులు తెచ్చుకోవడం వీళ్లు మానేశారు. మీకు కొన్ని పాయింట్లు ఇస్తారు, సంతలో సరుకులు కొన్నట్టు శక్తులు కొనుక్కోవాలి. నిప్పు విసురుతారా, మంచు విసురుతారా, బాణం వేస్తారా అన్నది పుస్తకానికి పట్టదు. దూరం నుంచి తగిలే దెబ్బకు ఒక్కో ఆరు ముఖాల పాచికకు అయిదు పాయింట్లు, అంతే. దాని రంగు, వాసన మీ ఇష్టం. పన్నెండు పాచికల దెబ్బ కావాలంటే అరవై పాయింట్లు.

కర్ణుడికి ఇంద్రుడిచ్చిన శక్తి ఉంది కదా, దాన్ని కొందాం. అరవై పాయింట్ల దెబ్బే అనుకోండి. రోజుకు ఒక్కసారే వాడతానంటే ఆ షరతుకు విలువ రెండు. ఒకటికి రెండు కలిపి, వచ్చిన మూడుతో అరవైని భాగించాలి. ఇరవై పాయింట్లకే వస్తుంది. జీవితంలో ఒక్కసారే అంటే ఇంకా చవక. ఇంద్రుడు కవచకుండలాలు అడిగి తీసుకుని శక్తిని ఇచ్చిన ఘట్టం ఉంది చూశారూ, అది నిఖార్సయిన ఛాంపియన్స్ బేరం. శాశ్వతమైన కవచం అమ్మి, ఒక్కసారి పేలే అస్త్రం కొనుక్కోవడం.

ఇక లోపాలు. 1989లో వచ్చిన నాలుగో కూర్పు లెక్క చెబుతాను, నేను ఎక్కువగా ఆడింది అదే. హీరోకు ఊరికే ఇచ్చేవి 100 పాయింట్లు. ఇంకా కావాలంటే లోపాలు రాసి ఇవ్వాలి, మరో 150 దాకా వస్తాయి. అడిగినవాడికి లేదనలేడు, అది మానసిక పరిమితి, దానికి పాయింట్లు. అర్జునుడు పగబట్టి ఉన్నాడు, దానికి పాయింట్లు. కీలకమైన వేళ మంత్రం గుర్తురాదు, దాని వల్ల అస్త్రం చవకవుతుంది. రహస్య జన్మ, దానికీ పాయింట్లే. ఆ రహస్యం పాత్రకు కూడా తెలియకపోతే ఎన్ని అని నా మిత్రుడొకడు అడిగాడు, ఇంతవరకు జవాబు దొరకలేదు.

ఇది అడ్వాన్సు పద్ధతి. బలహీనత పేరు చెప్పి ముందే డబ్బు తీసుకున్నారు, ఖర్చు పెట్టేశారు. ఇప్పుడు గేమ్ మాస్టర్ వసూలుకు రావాలి. దానికీ లెక్క ఉంది. మీ మీద పగబట్టినవాడు ఈ రోజు కథలోకి వస్తాడా లేదా అని ఆట మొదట్లోనే మూడు పాచికలు వేస్తారు. పదకొండు గాని అంతకు తక్కువ గాని పడితే వస్తాడు అని మీరు రాసుకుని ఉంటే, వచ్చే అవకాశం ఎనిమిదింట అయిదు వంతులు. ఆట మొదలు కాకముందే "ఇవాళ అర్జునుడు వస్తున్నాడు" అని తెలిసిపోతుంది. ఆ పాచికలు దొర్లుతున్నప్పుడు ఆటగాడి ముఖం చూడాలి, నెల మొదటి తారీకున తలుపు చప్పుడు విన్న అద్దె ఇంటివాడిలా ఉంటుంది.

చిక్కు ఏమిటంటే, అప్పు తీసుకున్నవాడు అప్పులవాణ్ని తప్పించుకు తిరుగుతాడు. నీళ్లంటే భయం అని రాసి పాయింట్లు తీసుకున్న ఆటగాడు ఆరు నెలలు చెరువు దరిదాపులకు పోడు. గేమ్ మాస్టర్‌కు వసూలు గుర్తుండాలి. అయిదుగురు ఆటగాళ్లు, తలా అయిదారు లోపాలు, ఎక్కడ గుర్తుంటాయి? ఆట రాసిన వాళ్లకు ఇది తెలుసు. బాధించని పరిమితికి పాయింట్లు లేవు అన్న సూత్రం ఆ పుస్తకాల్లోనే ఉంది. 2009లో వచ్చిన ఆరో కూర్పులో లెక్క తిరగరాశారు. మామూలు సూపర్‌హీరోకు 400 పాయింట్లు, అందులో లోపాలకు లెక్కగట్టేది 75 మాత్రమే. అడ్వాన్సు తగ్గించారన్నమాట.

పోరాటం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఛాంపియన్స్‌కు పేరూ అపఖ్యాతీ రెండూ దాని వల్లే. పన్నెండు సెకన్లు ఒక ఆవృతం. గోడకు ఒక పట్టిక అంటించుకుంటారు. వేగం 2 ఉన్న మామూలు పోలీసు 6వ సెకనులో, 12వ సెకనులో కదులుతాడు. వేగం 5 ఉన్న హీరో 3, 5, 8, 10, 12లో. ఇక దెబ్బ తగిలినప్పుడు అదే పాచికలను రెండుసార్లు లెక్కపెట్టాలి. మొత్తం కూడితే స్పృహ తప్పించే దెబ్బ. మళ్లీ చూసి, ఒకటి పడిన పాచికకు సున్నా, ఆరు పడినదానికి రెండు, మిగతావాటికి ఒక్కొక్కటి చొప్పున కూడితే శరీరానికి తగిలిన గాయం. పన్నెండు పాచికలు! మేము మొదటిసారి ఆడినప్పుడు ఒక బ్యాంకు దోపిడీని ఆపడానికి ఆటలో పన్నెండు సెకన్లు పట్టింది, బల్ల దగ్గర రెండున్నర గంటలు. తప్పు పుస్తకానిది కాదు, మాకు కూడికలు రావు. కానీ ఆ పట్టికకు అలవాటు పడ్డాక దానిలో ఒక ఉత్కంఠ ఉంది. "వాడు ఎనిమిదిలో కదులుతాడు, నేను తొమ్మిదిలో" అని తెలిసి ఆ ఒక్క సెకను గడవడం కోసం ఊపిరి బిగబట్టడం ఇంకే ఆటలోనూ నాకు దొరకలేదు.

ఛాంపియన్స్‌లో కర్ణుడు ఎందుకు చస్తాడు? అప్పులవాళ్లందరూ ఒకే రోజు వసూలుకు వచ్చారు కాబట్టి.

1984లో టీఎస్‌ఆర్ సంస్థ మార్వెల్ సూపర్ హీరోస్ తెచ్చింది, రూపకర్త జెఫ్ గ్రబ్. పాత మిత్రులు దీన్ని ఫేసెరిప్ అంటారు, ఏడు లక్షణాల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి. లక్షణాలకు అంకెలే కాదు, విశేషణాలూ ఉంటాయి. మామూలు మనిషి టిపికల్, అంటే 6. ఆపైన గుడ్, ఎక్సలెంట్, రిమార్కబుల్, ఇంక్రెడిబుల్, అమేజింగ్. స్పైడర్‌మ్యాన్ చురుకుదనం ఏ మెట్టు మీద ఉంటుందో వేరే చెప్పాలా? అమేజింగ్. ఒకటి నుంచి నూరు దాకా అంకె వచ్చేలా పాచికలు వేసి ఒకే ఒక రంగుల పట్టికలో చూసుకోవాలి. తెలుపు పడితే పని జరగలేదు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పడితే ఒకదాన్ని మించి ఒకటి గెలుపు. పదేళ్ల పిల్లవాడికి పది నిమిషాల్లో నేర్పవచ్చు, నేను నేర్పాను.

కానీ ఈ పుస్తకంలో మనసు పడవలసింది కర్మ. అవును, పేరు అదే. మంచి పని చేస్తే కర్మ వస్తుంది. ఎవరినో కలుస్తానని మాటిచ్చి ఆ మాట నిలబెట్టుకున్నా వస్తుంది, తప్పితే పోతుంది. దాచుకున్న కర్మను కీలకమైన వేళ పాచికకు కలుపుకోవచ్చు. హీరో ఎవరినైనా చంపాడో, ఉన్న కర్మంతా పోతుంది. సగం కాదు, మొత్తం. కామిక్సులో హీరోలు చంపరు అన్న నీతిని ఉపన్యాసం లేకుండా ఒక్క వాక్యంతో లెక్కలోకి తెచ్చారు. అందుకే ఈ పుస్తకమంటే నాకు గౌరవం. భీష్ముడు పడిపోయాక పదకొండో రోజున యుద్ధంలోకి దిగిన కర్ణుడికి ఆ సాయంత్రానికే కర్మ సున్నా. పదిహేడో రోజు చక్రం కుంగినప్పుడు పాచికకు కలుపుకోవడానికి చేతిలో ఏమీ లేదు. ఇదో కారణం.

మరుసటి ఏడు, 1985లో, మేఫేర్ సంస్థ డీసీ హీరోస్ తెచ్చింది. గ్రెగ్ గోర్డెన్ రచన. కర్ణుడి చావు గురించి ఈ పుస్తకం నాకు కొత్తగా చెప్పేదేమీ లేదు, బలాన్ని కొలవడంలో మాత్రం దీన్ని మించినది లేదు. దీని మర్మం ఒక్కటే, అంకె ఒకటి పెరిగితే విలువ రెట్టింపు. బరువులో సున్నా అంటే 50 పౌండ్లు, ఒకటి అంటే 100, రెండు అంటే 200. దూరంలో సున్నా అంటే పది అడుగులు. ఇప్పుడు చూడండి. దాదాపు 3200 పౌండ్ల కారు, అంటే మన లెక్కలో పధ్నాలుగున్నర క్వింటాళ్లు, బరువు అంకె 6. మీ హీరో బలం 10. కారు ఎంత దూరం విసురుతాడు? పదిలోంచి ఆరు తీసేయండి, నాలుగు. దూరం అంకె నాలుగంటే 160 అడుగులు. అయిపోయింది. గుణకారం లేదు, క్యాలిక్యులేటర్ లేదు, ఒక్క తీసివేత. భూమిని కదిపేవాడూ మామూలు పోలీసూ ఒకే కొలబద్ద మీద ఇమిడిపోతారు. లఘుగణకాలు బడిలో ఎందుకు నేర్పారో నాకు ఈ పుస్తకం చదివాకే తెలిసింది. (నవ్వులు)

ఆ కొలబద్దనే కొద్ది మార్పులతో మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ మూడో కూర్పులో చూస్తాం. 2002లో స్టీవ్ కెన్సన్ రాయగా గ్రీన్ రోనిన్ సంస్థ వేసిన ఆట ఇది. ఇప్పుడు ఎక్కువగా ఆడేది 2010, 2011 ప్రాంతంలో రూపుకట్టిన మూడో కూర్పునే, నేను చెప్పేదీ దాని గురించే. ఇరవై ముఖాల పాచిక ఒక్కటే. ప్రాణాల లెక్క లేదు, అంటే ఇన్ని దెబ్బలు తింటే చస్తాడు అన్న నిల్వ ఉండదు. దెబ్బ తగిలినప్పుడల్లా తట్టుకున్నారా లేదా అని పాచిక వేయాలి. దెబ్బ స్థాయికి 15 కలిపితే దాటవలసిన గీత. దెబ్బ 10, మీ గట్టిదనం 10 అనుకోండి. గీత 25, పాచికకు పది కలుపుకుంటారు, కాబట్టి పదిహేను పడాలి. ఇరవైలో ఆరుసార్లు ఏమీ కాదు. అయిదుసార్లు చిన్న గాయం. అయిదుసార్లు కళ్లు బైర్లు కమ్ముతాయి. నాలుగుసార్లు తూలిపోతారు. ఒక్క దెబ్బకే ఇన్ని రకాల కథ వస్తుంది కాబట్టి ఛాంపియన్స్ రెండు గంటల్లో ఆడించే పోరాటాన్ని ఇది అరగంటలో ముగిస్తుంది.

శక్తులు కొనడం ఇక్కడా పాయింట్లతోనే, పదో స్థాయి హీరోకు 150. కానీ లోపాలకు పాయింట్లు లేవు! అవి కాంప్లికేషన్లు. వాటిని ఊరికే రాసుకోవాలి. ఆటలో ఆ లోపం మిమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టిన రోజున గేమ్ మాస్టర్ ఒక హీరో పాయింట్, అంటే ఆపదలో పాచికకు సాయంగా ఖర్చుపెట్టుకునేది, చేతిలో పెడతాడు. అడ్వాన్సు పోయి కూలి వచ్చింది. ఏ రోజు కష్టానికి ఆ రోజే. నీళ్లంటే భయం అని రాసుకున్న ఆ ఆటగాడే ఇప్పుడు "చెరువు ఎక్కడ, చెరువు ఎక్కడ" అని వెతుక్కుంటూ పోతాడు. మనుషుల స్వభావం మారలేదు, డబ్బు ఇచ్చే వేళ మారింది, అంతే. గేమ్ మాస్టర్‌కు జ్ఞాపకం పెట్టుకునే బాధ కూడా తప్పింది, ఎవరి లోపం వాళ్లే గుర్తుచేస్తారు.

దీని వల్ల ఒక వింత జరుగుతుంది. చక్రం కుంగింది, ఒక పాయింట్. మంత్రం మరచిపోయాడు, ఇంకొకటి. శల్యుడు ఎత్తిపొడుస్తున్నాడు, ఇంకొకటి. అర్జునుడు బాణం ఎక్కుపెట్టే వేళకు కర్ణుడి ముందు హీరో పాయింట్లు కుప్పగా ఉంటాయి. ఈ ఆటలో కర్ణుడు చావడు! చివరి ఘట్టంలో లేచి గెలుస్తాడు. కామిక్సుకు అది సరే. భారతానికి పనికిరాదు.

(సభలోంచి ఒక ప్రశ్న: అయితే కర్ణుణ్ని సరిగ్గా చంపే ఆట ఏది?)

ఉంది. 2012లో మార్గరెట్ వైస్ ప్రొడక్షన్స్ తెచ్చిన మార్వెల్ హీరోయిక్. ఏడాదికే, 2013లో, లైసెన్సు ముగిసి ఆగిపోయింది. అందులో పాత్రను గురించిన ఒక మాటే పాచిక అవుతుంది. సూతపుత్రుడు అని రాసుకున్నారనుకోండి. ఆ మాట మీకు పనికివచ్చే చోట ఎనిమిది ముఖాల పాచిక. అడ్డం వచ్చే చోట నాలుగు ముఖాల పాచిక తీసుకుంటే చేతికి ఒక ప్లాట్ పాయింట్, తర్వాత అవసరానికి ఖర్చుపెట్టుకోవచ్చు. కానీ చిన్న పాచిక మీద ఒకటి పడటం ఎక్కువ కదా, ఎనిమిదింటిలో ఒకసారి బదులు నాలుగింటిలో ఒకసారి. ఒకటి పడితే గేమ్ మాస్టర్ మీకొక పాయింట్ ఇచ్చి తన డూమ్ పూల్‌లో ఒక పాచిక వేసుకోవచ్చు. వినాశనపు కుండ అనుకోండి. అది మీ కళ్ల ముందే, బల్ల మధ్యలో, నెమ్మదిగా నిండుతుంది. అందులో పన్నెండు ముఖాల పాచికలు రెండు చేరాయంటే గేమ్ మాస్టర్ వాటిని ఖర్చుపెట్టి ఘట్టాన్ని అక్కడికక్కడే ముగించవచ్చు. మీ చేతిలో పాయింట్లు ఉంటాయి, వాడుకునే వ్యవధి ఉండదు. పదిహేడో రోజు సరిగ్గా జరిగింది అదే కదా?

చివరగా మాస్క్స్. 2016, మ్యాగ్‌పై గేమ్స్, బ్రెండన్ కాన్వే. అపొకలిప్స్ వరల్డ్ అనే 2010 నాటి ఆట వంశంలోది. టీనేజీ హీరోల ఆట. పుస్తకం తెరిచి బలం ఎక్కడుందా అని వెతికాను. లేదు! ఎంత బరువు ఎత్తుతారో ఎక్కడా రాయరు. ఉన్నవి అయిదు ముద్రలు: ప్రమాదకారి, వింతజీవి, రక్షకుడు, అధికుడు, మామూలు మనిషి. ఇవి మీ బలాలు కావు. లోకం మిమ్మల్ని ఎలా చూస్తోందని మీరు నమ్ముతున్నారో ఆ అంకెలు. ముప్పుతో నేరుగా తలపడాలంటే రెండు పాచికలకు ప్రమాదకారి అంకె కలుపుకోవాలి. ఎవరినైనా ఓదార్చాలంటే మామూలు మనిషి అంకె. పది గాని అంతకు ఎక్కువ గాని వస్తే పని జరిగింది, ఏడు నుంచి తొమ్మిది అయితే జరిగింది కానీ చిక్కుతో.

ఈ అంకెలు కదులుతూ ఉంటాయి. మీ మీద పలుకుబడి ఉన్నవాళ్లు వచ్చి "నువ్వు ఫలానా" అని చెబితే, మీరు ఒప్పుకుంటే ఒక ముద్ర పెరిగి ఇంకొకటి తగ్గుతుంది. ఆటలో పెద్దవాళ్లందరికీ మీ మీద పలుకుబడి ఉంటుంది. ఇప్పుడు చూడండి. భీష్ముడు నిండు సభలో కర్ణుణ్ని అర్ధరథుడు అన్నాడు. ఒప్పుకుంటే అధికుడు తగ్గుతుంది. కాదంటే పాచిక వేయాలి. ఏడు కన్నా తక్కువ పడితే ఆ మాట గుండెలో దిగుతుంది. కాగితం మీద ఏదో ఒక మనఃస్థితికి టిక్కు పెట్టుకోవాలి, ముద్రలు గేమ్ మాస్టర్ చెప్పినట్టు కదులుతాయి. భయం, కోపం, అపరాధభావం, నిరాశ, అభద్రత అని స్థితులు అయిదు. కర్ణుడు దేనికి టిక్కు పెట్టాడో మనకు తెలుసు, భీష్ముడు ఉన్నంతకాలం ఆయుధం పట్టను అన్నాడు. ఆ కోపం పోవాలంటే ఎవరినైనా గాయపరచాలి, లేదా విలువైనదేదైనా విరగ్గొట్టాలి అంటుంది పుస్తకం.

ఇక కుంతి వచ్చిన ఘట్టం. "నువ్వు నా కొడుకువి." ఒక్క ముక్క. మిగతా పుస్తకాలన్నిటిలో ఈ ఘట్టానికి పాచిక లేదు, రెండు నిమిషాలు మాట్లాడుకుని యుద్ధంలోకి పోతారు. మాస్క్స్‌లో ఇదే ఆటలోకెల్లా పెద్ద దెబ్బ. ఒక ఆదివారం మేము ఈ ఘట్టాన్ని ఆధునికంగా మార్చి ఆడాం. కర్ణుడుగా ఆడుతున్న కుర్రాడు పాచికలు చేతిలో పట్టుకుని ఎంతసేపటికీ వేయలేదు. వేయరా అంటే, "ఒప్పుకోవాలో వద్దో తేలడం లేదు సార్" అన్నాడు. నేను చూసిన పోరాటాలన్నిటిలో గుర్తుండిపోయింది అది. దాంట్లో ఒక్క గుద్దు కూడా లేదు.

అయితే మాస్క్స్ అందరికీ కాదు. మా బృందంలో ఒకాయనకు కారు ఎంత దూరం పడిందో తెలియకపోతే నిద్రపట్టదు. ఆయన దీన్ని రెండు వారాలు భరించి, మూడో వారం డీసీ హీరోస్ పట్టుకుని వచ్చాడు. ఆయన కోరికలో తప్పేమీ లేదు.

2023లో వచ్చిన మార్వెల్ మల్టీవర్స్ గురించి అడుగుతారని తెలుసు. మూడు ఆరు ముఖాల పాచికలు, అందులో ఒకటి ప్రత్యేకం, దాని మీద ఒకటి పడితే ఆరు కింద లెక్క. దెబ్బ ఎంతో తేల్చేది కూడా ఆ పాచికే. తెలిసిన హీరోలతో వెంటనే ఆడటానికి బాగుంది. లోపాల విషయంలో మాత్రం నాకు అంత పట్టున్నట్టు అనిపించలేదు. ఇంకో ఏడాది ఆడాక అభిప్రాయం మారవచ్చు.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఆ కిటికీ పక్కన మూడు బల్లలు వేశాం. మొదటిదాని మీద ఛాంపియన్స్ కర్ణుడు, వేగం పట్టికతో సహా. రెండోదాని మీద మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ కర్ణుడు, ఆయన చావడు కాబట్టి తొందరేమీ లేదు. మూడోది మాస్క్స్. దాని దగ్గర కుంతిగా నేను కూర్చుంటాను. పాచికలు బల్ల మీద నుంచి దొర్లిపోకుండా చూసుకోండి, నాలుగు ముఖాల పాచిక కాలికింద పడితే ఏమవుతుందో ఇంతకుముందు తొక్కినవాళ్లు చెబుతారు.